రాతి మిద్దెలో వైఫై: తెలుసుకోదగ్గ విశేషాలు

కర్నూలు జిల్లా పడమటి మండలాల్లో సుగ్గి ముగిసేసరికి ఏటా ఎన్నో ఇళ్లకు తాళాలు పడతాయి. పెద్దకడుబూరు, కోసిగి, కౌతాళం పల్లెల జనం గుంటూరు వైపు మిరపకోతలకు, పత్తి తీతకు, బెంగళూరుకు కట్టడం పనులకు వలస పోతారు. ఇంటి దగ్గర మిగిలిన అవ్వాతాతలకు, బడిపిల్లలకు అమ్మానాన్నల మొహం కనిపించేది వీడియో కాల్‌లోనే. ఆ కాల్ నడుమ బొమ్మ నిలిచిపోయి మాట ముక్కలైతే అది చిన్న బాధ కాదు. వైఫై ఎక్కడ ఆగుతుందో, ఎందుకు ఆగుతుందో ఇంట్లో ఒక్కరికైనా తెలిసి ఉండాలి. తెలుసుకోబోతే ఇందులో వింతలూ తక్కువేం కాదు.

◆ 382 కిలోమీటర్లు పోతుంది, గోడ దాటదు

2007లో వెనిజులాలో ఎర్మానో పియెత్రోసెమోలి అనే ఆచార్యుడి బృందం రెండు కొండల మధ్య 382 కిలోమీటర్ల దూరానికి వైఫై లింకు కలిపింది. ఆదోని నుంచి హైదరాబాద్‌కు ఉన్న దూరం కంటే అది ఎక్కువ. పెద్ద యాంటెన్నాలు, మధ్యలో అడ్డమేమీ లేని ఆకాశం, ఇవే ఆ గెలుపుకు కారణం. అదే వైఫై మన పడసాలలోని రౌటర్ పెట్టె నుంచి నడింట్లోకి చేరలేక పోతుంది.

కారణం గోడ. ఈ సీమలో పాత ఇళ్లవి రాతి గోడలు. మందం మూరెడు, కొన్ని చోట్ల అంతకు మించి. పైన దంతెలు, కట్టెలు, వాటి మీద మందంగా చౌడుమట్టి. ఎండాకాలం ఇల్లు చల్లగా ఉండేది ఆ మందం వల్లే, సిగ్నల్ చచ్చిపోయేదీ ఆ మందం వల్లే. రేడియో తరంగం రాతిలోంచి, మట్టిలోంచి పోయేటప్పుడు దాని శక్తి వేడిగా మారి కరిగిపోతుంది. తడి ఉంటే ఇంకా ఎక్కువ కరుగుతుంది. కాబట్టి వానకు మిద్దె నానిన రోజుల్లో పైకి అందే సిగ్నల్ తగ్గితే ఆశ్చర్యపడనక్కర్లేదు.

ఇలాంటి ఇంట్లో తరంగాలకు దారులు వాకిళ్లు, కిటికీలు, గవాక్షి. పాత ఇళ్లలో వాకిళ్లు చాలా వరకు ఒకే వరుసలో ఉంటాయి. పెట్టెను ఆ వరుసకు ఎదురుగా, మనిషి తల ఎత్తున పెడితే లోపలి గదికి కాస్త అందుతుంది. గూట్లో, బీరువా వెనక, టీవీ కింద దాచిపెడితే అందదు. ఇనుప బీరువా తరంగాన్ని వెనక్కి తిప్పి కొడుతుంది. అద్దం వెనక ఉండే లోహపు పూత చేసేదీ అదే. నీళ్ల డ్రమ్ము అయితే శక్తిని తనలోనే ఉంచేసుకుంటుంది.

◆ 50 కోట్లలో ఒక వంతు

ఇంటి పెట్టె గాలిలోకి వదిలే శక్తి సుమారు 100 మిల్లీవాట్లు. వీడియో కాల్ నిలకడగా సాగాలంటే ఫోన్‌కు మైనస్ 67 డీబీఎం సిగ్నల్ అందితే చాలంటారు (డీబీఎం అంటే సిగ్నల్ బలానికి కొలత). అది ఎంతని లెక్క కడితే వదిలిన శక్తిలో 50 కోట్లలో ఒక వంతు. ఆ అణువంత శక్తిలోంచే ఫోన్ మనవాళ్ల బొమ్మను, గొంతును తిరిగి కూర్చుతుంది. మైనస్ 80కి పడిపోతే అందేది ఇంకో 20 రెట్లు తక్కువ. అక్కడి నుంచే తడబాటు మొదలవుతుంది.

ఫోన్ మీద కనిపించే గీతలను మాత్రం నమ్మొద్దు. ఎన్ని డీబీఎంలకు ఎన్ని గీతలు చూపాలన్న ఉమ్మడి నియమం లేదు. ఒకే మంచం మీద రెండు కంపెనీల ఫోన్లు పెడితే ఒకటి మూడు గీతలు, ఇంకొకటి రెండు చూపొచ్చు. సిగ్నల్‌ను అంకెల్లో చూపే ఉచిత యాప్‌లు ఉన్నాయి. గది గదికీ నడుస్తూ ఆ అంకె రాసుకుంటే పది నిమిషాల్లో ఇంటి పటం చేతికొస్తుంది.

◆ బెత్తెడు జరిపి చూడండి

2.4 గిగాహెర్ట్జ్ తరంగం పొడవు పన్నెండున్నర సెంటీమీటర్లు. నేరుగా వచ్చిన తరంగం, గోడకు తగిలి తిరిగి వచ్చిన తరంగం కొన్ని చోట్ల ఒకదాన్నొకటి చెరిపేసుకుంటాయి. అలాంటి చచ్చు చోటికి, పక్కనే ఉన్న మంచి చోటికి మధ్య దూరం కొన్ని సార్లు మూడు సెంటీమీటర్లే. ఫోన్‌ను బెత్తెడు జరిపితే కాల్ బాగుపడిందంటే అది భ్రమ కాదు.

◆ ముందు ఎర్ర లైటు చూడాలి

ఇంట్లో ఏ పెట్టెనైనా ముట్టుకునే ముందు ఫైబర్ వచ్చి చేరే పెట్టెను చూడాలి. అక్కడ ‘ఎల్ఓఎస్’ అన్న చోట ఎర్ర లైటు కొట్టుకుంటుంటే బయటి నుంచి వెలుతురే రావడం లేదని అర్థం. అప్పుడు ఇంట్లో వైఫై పంచే యాక్సెస్ పాయింట్‌ను ఎన్నిసార్లు ఆపి వేసినా ఉపయోగం లేదు. కేబులాయనకు ఫోన్ చేయడమే పని. రీసెట్ గుంటలో పిన్నీసు మాత్రం గుచ్చొద్దు. అందులోని సెట్టింగులన్నీ పోతే, తెగిన వైరు అతికాక కూడా నెట్ రాదు.

ఫైబర్‌లో వచ్చే వెలుతురు కంటికి కనిపించదు. ఇంటికి వచ్చేది 1490 నానోమీటర్లది, ఇంటి నుంచి పోయేది 1310 నానోమీటర్లది. రెండూ పరారుణ కిరణాలే. ఊడిన ఫైబర్ కొనను కంటి దగ్గర పెట్టుకుని చూడకూడదు. పిల్లలకు ఈ మాట గట్టిగా చెప్పాలి.

మన రాష్ట్రంలో ఈ తీగ చాలా చోట్ల భూమిలో కాక కరెంటు స్తంభాల మీద పోతుంది. 2017 డిసెంబర్ 27న అప్పటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ పద్ధతే అది. నెలకు 149 రూపాయలకు 15 ఎంబీపీఎస్ ఇంటర్నెట్, టీవీ చానళ్లు, ఫోన్ ఇస్తామన్నది నాటి ప్రకటన. స్తంభాల దారి పట్టడం వల్ల పని తొందరగా, చవకగా అయింది. ఎత్తుగా గడ్డి వేసుకున్న ట్రాక్టర్లకు, విరిగిపడే కొమ్మలకు తీగ దొరికిపోవడం దాని నష్టం.

◆ పంచాయతీలకు ఫైబర్ తీసుకెళ్లే పథకాన్ని కేంద్రం 2011 అక్టోబరులో ఆమోదించింది. తర్వాత భారత్‌నెట్‌గా పేరు మారిన ఆ పథకానికి ముందుగా ప్రయోగం జరిగిన మూడు బ్లాకుల్లో ఒకటి అప్పటి విశాఖ జిల్లా పరవాడ. మిగతావి రాజస్థాన్‌లోని అరాయీ, త్రిపురలోని పాణిసాగర్.

◆ ‘కనెక్ట్ అయింది, ఇంటర్నెట్ లేదు’

ఫోన్ ఈ మాట ఊరికే అనదు. వైఫైకి కలిసిన వెంటనే ఆండ్రాయిడ్ ఫోన్ గూగుల్ సర్వర్‌కు ఒక చిన్న కబురు పంపుతుంది. దానికి జవాబుగా 204 అనే సంఖ్య, వెనక ఖాళీ పేజీ రావాలి. రాకపోతే ఇంటర్నెట్ లేదని చెప్పేస్తుంది. అంటే గాలిలో లింకు బాగుంది, చెడింది దాని వెనక ఎక్కడో అని తేలిపోయినట్టే. వైఫై పేరే కనిపించకపోతే చెడింది యాక్సెస్ పాయింటో, దానికి అందే కరెంటో. అది బతికుంటే సెకనుకు దాదాపు పదిసార్లు తన పేరు చాటుతూనే ఉంటుంది.

◆ ఒకే ఇంట్లో ఇద్దరు పెద్దలు

పడసాలలో కంపెనీ ఇచ్చిన పెట్టె, లోపలి గదిలో పాత రౌటరును యాక్సెస్ పాయింట్‌గా పెట్టుకోవడం మన ఊళ్లలో మామూలు. ఖర్చు లేని మంచి ఉపాయం. కానీ ఎక్కువ తగాదాలు పుట్టేదీ ఇక్కడే. ఇంట్లోని ప్రతి ఫోన్‌కూ ఐపీ అడ్రస్ పంచిపెట్టే పనిని డీహెచ్‌సీపీ అంటారు. ఆ పని ఒక్క పెట్టే చేయాలి. పాత రౌటరులోనూ అది నడుస్తుంటే కొన్ని ఫోన్లు దాని దగ్గర అడ్రస్ తీసుకుని దారి తెలియక నిలిచిపోతాయి. పొద్దున బాగున్న ఫోన్ సాయంత్రానికి ఆగడం, ఒకరికి వచ్చి ఒకరికి రాకపోవడం దీని గుర్తులు.

విరుగుడు మూడు పనులు. పాత రౌటరులో డీహెచ్‌సీపీ ఆపేయాలి. దాని సొంత అడ్రస్ మార్చాలి. పెద్ద పెట్టె 192.168.1.1 అయితే దీనికి 192.168.1.2 ఇవ్వొచ్చు, ఆ అంకె ఇంకెవరికీ పంచకుండా చూసుకుంటే చాలు. మూడోది, కేబుల్‌ను విడిగా రంగు వేసి ఉన్న వ్యాన్ రంధ్రంలో కాక మిగతా ల్యాన్ రంధ్రాల్లో ఒకదాంట్లో గుచ్చాలి. కొత్త రౌటర్లలో ‘యాక్సెస్ పాయింట్ మోడ్’ అని ఉంటుంది. అది నొక్కితే ఇవన్నీ అదే చూసుకుంటుంది. రెండు పెట్టెలూ 192.168.1.1 అనే కూర్చుంటే మాత్రం ఇల్లంతా నెట్ ఆగిపోతుంది.

ల్యాప్‌టాప్‌లో అడ్రస్ 169.254తో మొదలైతే దానికి అడ్రస్ ఇచ్చేవాళ్లు ఎవరూ దొరకలేదని అర్థం. విసిగి తనకు తానే పెట్టుకున్న అంకె అది.

◆ పెద్దకడుబూరులోనూ 192.168.1.1, చికాగోలోని తెలుగువారి ఇంట్లోనూ 192.168.1.1. ప్రపంచానికి ఉన్న పాత తరహా అడ్రసులు మొత్తం 429 కోట్ల చిల్లరే. అందరికీ చాలవని తెలిసి, ఇళ్లలో, ఆఫీసుల్లో ఎవరికి వారు వాడుకోవడానికి 1994లో కొన్ని వరుసలను విడిగా తీసి పెట్టారు. 192.168 వరుస వాటిలో ఒకటి.

◆ కరెంటు పోయి వచ్చాక

కరెంటు తిరిగి రాగానే పెట్టెలన్నీ ఒకేసారి లేస్తాయి. ఫైబర్ పెట్టె పూర్తిగా కుదురుకోవడానికి రెండు మూడు నిమిషాలు పట్టొచ్చు. యాక్సెస్ పాయింట్ అంతకు ముందే లేచి అడ్రస్ అడిగి, దొరక్క అలాగే కూర్చుండిపోతుంది. అన్నీ ఆపి, ముందు ఫైబర్ పెట్టె, అది కుదురుకున్నాక రౌటర్, చివర యాక్సెస్ పాయింట్ వేస్తే చాలా సార్లు పని అయిపోతుంది. ఆపిన తర్వాత అర నిమిషమైనా ఆగాలి. లోపలి కెపాసిటర్లలో మిగిలిన కరెంటు దిగితేనే పాత జ్ఞాపకం చెరుగుతుంది.

లైట్లన్నీ వెలుగుతూ వైఫై మాత్రం మాటిమాటికీ పోయి వస్తుంటే అడాప్టర్‌ను అనుమానించండి. ఫోన్లు ఎక్కువ కలిసినప్పుడు పెట్టె ఎక్కువ కరెంటు లాగుతుంది, బలహీనపడిన అడాప్టర్ అప్పుడు ఇవ్వలేదు. పెట్టె అడుగున రాసిన వోల్టులు అడాప్టర్ మీది వోల్టులతో సరిపోవాలి, అడాప్టర్ ఆంపియర్లు తక్కువ కాకూడదు. 12 వోల్టుల పెట్టెకు ఇంట్లో పడున్న 9 వోల్టులది తగిలించి కొత్త పెట్టె కొనేవాళ్లు ఉన్నారు. అమెరికా నుంచి తెచ్చిన రౌటర్ అయితే అడాప్టర్ మీద 100–240 అని ఉందో లేదో చూడకుండా గుచ్చొద్దు. 120 మాత్రమే ఉంటే మన కరెంటుకు కాలిపోతుంది.

◆ ఇళ్లలో వాడే రౌటర్లు ఎక్కువగా 40 డిగ్రీల వేడి వరకే తయారు చేసినవి. మన దగ్గర ఎండాకాలం బయటే అంతకు మించుతుంది. రేకుల షెడ్డులో, రేకుకు ఆనించి పెట్టిన పెట్టె మధ్యాహ్నం ఆగి రాత్రికి బాగుపడితే రోగం వేడిదే.

◆ ఎనిమిది తీగలు

ల్యాన్ కేబుల్‌లో నాలుగు జతలుగా ఎనిమిది సన్న తీగలు ఉంటాయి. 100 ఎంబీపీఎస్‌కు రెండు జతలు చాలు. వెయ్యి కావాలంటే నాలుగూ కావాలి. వాకిలి సందులో నలిగో, ఎలుక కొరికో ఒక తీగ తెగితే నెట్ పూర్తిగా ఆగకపోవచ్చు, వేగం మాత్రం వందకు పడిపోతుంది. కారణం తెలియక కంపెనీని తిడుతుంటాం. ఒక్క కేబుల్ ముక్క గరిష్ఠ దూరం 100 మీటర్లు. మిద్దె మీది నుంచి పక్క ఇంటికి లాగిన రాగి కేబుల్ పిడుగుల కాలంలో రెండిళ్ల పెట్టెలకూ ప్రమాదం. గాజు ఫైబర్‌లో కరెంటు పారదు కాబట్టి అలాంటి చోట అదే మేలు.

◆ రిపీటరు కంటే కేబులే

సిగ్నల్ అందని గదికి చాలామంది రిపీటరు కొంటారు. మామూలు రిపీటరు విన్న మాటనే మళ్లీ గాలిలో చెప్పాలి. ఒకే చానల్ మీద వినడం, చెప్పడం రెండూ చేయాలి కాబట్టి వేగం సగానికి పడుతుంది. పైగా దాన్ని సిగ్నల్ లేని గదిలోనే పెడతారు. అక్కడ దానికీ వినిపించదు. రాతి ఇంటికి నా తీర్పు ఒక్కటే: గోడకు చిన్న బెజ్జం, ఒక కేబుల్, అవతల యాక్సెస్ పాయింట్. రెండు పెట్టెలకూ ఒకే పేరు, ఒకే పాస్‌వర్డ్, వేర్వేరు చానళ్లు పెట్టాలి. అప్పుడు కూడా దగ్గరి పెట్టెకు మారాలా వద్దా అని నిర్ణయించేది ఎక్కువగా ఫోనే. దూరపు పెట్టెనే పట్టుకుని వేలాడే ఫోన్లు ఉంటాయి. వైఫై ఒకసారి ఆపి వేస్తే దగ్గరిదానికి కలుస్తాయి.

◆ ఒకరి నత్త నడక అందరికీ

వైఫైలో ఒక చానల్ మీద ఒక్కసారికి ఒక్కరే మాట్లాడాలి. రచ్చకట్ట మీద ఒక ముసలాయన మెల్లగా సాగదీసి చెబుతుంటే మిగతావాళ్లు ఆగినట్టే, దూరాన ఉన్న ఒక పాత ఫోన్ తక్కువ వేగంతో గాలిని ఎక్కువసేపు పట్టుకుంటే వేగమైన ఫోన్లు కూడా కాచుకుని కూర్చోవాలి. ఈ గుణాన్ని ఫ్రాన్స్ పరిశోధకులు 2003లోనే లెక్క కట్టి చూపారు. మూల గదిలోని పాత ఫోన్‌ను దగ్గరికి తెస్తే ఇంటందరికీ వేగం పెరగడం ఇందుకే.

◆ మన దేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీని లైసెన్సు లేకుండా వాడుకోవచ్చని నియమం వచ్చింది 2005 జనవరిలో. 5 గిగాహెర్ట్జ్‌లో పెద్ద వాటాను విడిచింది 2018 అక్టోబరులో. 2.4లో మనకు 13 చానళ్లు. అవి ఒకదాని మీద ఒకటి ఎక్కి ఉంటాయి. పరస్పరం తగలనివి 1, 6, 11. పక్కింటివాళ్లు 1లో ఉంటే మీరు 3కు మారడం కంటే 6కు మారడం మంచిది. అమెరికాలో 12, 13 వాడరు. అక్కడి నుంచి తెచ్చిన కొన్ని ల్యాప్‌టాప్‌లకు మన 13వ చానల్ వైఫై అసలు కనిపించదు.

◆ పదిహేడేళ్లు పట్టిన రిపేరు

ఆస్ట్రేలియాలోని పార్క్స్ రేడియో టెలిస్కోపుకు 1998 నుంచి అప్పుడప్పుడు వింత సంకేతాలు అందేవి. అవి ఎక్కువగా ఆఫీసు వేళల్లోనే రావడం శాస్త్రవేత్తలకు ఆధారమైంది. 2015లో గుట్టు తేలింది. పని పూర్తి కాకముందే ఎవరో మైక్రోవేవ్ ఓవెన్ తలుపు తెరిచినప్పుడు వెలువడే తరంగాలు అవి. ఓవెన్ పనిచేసేదీ 2.4 గిగాహెర్ట్జ్ దగ్గరే, ఇంటి వైఫైకీ అది పోటీయే. ఆ శాస్త్రవేత్తల్లాగే, నెట్ ఆగినప్పుడల్లా గంట ఎంతయిందో, అప్పుడు ఇంట్లో ఏం నడుస్తోందో ఒక కాగితం మీద రాస్తే మెకానిక్కుకు అంతకు మించిన సాయం లేదు.

◆ వైఫైకి పునాదిగా నిలిచిన ఒక పద్ధతి పుట్టింది కూడా ఆస్ట్రేలియాలోనే. పేలిపోయే చిన్న కృష్ణబిలాల సంకేతాలు వెతికిన జాన్ ఓసల్లివన్, ఆ అనుభవంతో తన తోటివారిని కలుపుకుని, గోడలకు తగిలి చెదిరిన తరంగాలను సరిచేసే మార్గం కనిపెట్టాడు. 1992లో పేటెంటుకు దరఖాస్తు చేశారు.

◆ ఇప్పటి రౌటర్లకు రెండు మూడు కొమ్ములు ఎందుకంటే, ఒకేసారి పలు యాంటెన్నాలతో పలు ధారలు పంపడానికి. ఆ ఆలోచనకు ఆద్యుడు తమిళనాడులోని పొల్లాచ్చి దగ్గర పుట్టి భారత నౌకాదళంలో పనిచేసిన ఆరోగ్యస్వామి పాల్‌రాజ్. స్టాన్‌ఫర్డ్‌లో ఉండగా థామస్ కైలాత్‌తో కలిసి పొందిన పేటెంటు 1994 నాటిది. 2014లో మార్కోనీ బహుమతి అందుకున్నారు. కొమ్ములన్నీ ఒకే వైపు వంచకుండా ఒకటి నిలువుగా, ఒకటి వాలుగా పెడితే ఆయన ఆలోచనకు న్యాయం జరుగుతుంది.

◆ పశ్చిమ గోదావరి వైఫై

ఊళ్లకు ఫైబర్ రాని రోజుల్లో పశ్చిమ గోదావరి పల్లెలను వైఫైతోనే కలిపారు. బైర్రాజు ఫౌండేషన్ నడిపిన ఆ పథకం పేరు అశ్విని. ఊరూరికీ టవర్లు కట్టి, దిక్కు చూసే యాంటెన్నాలు బిగించి, వీడియోలో వైద్యం, చదువు అందించడం దాని ఉద్దేశం. పరిశోధకులు భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి 2007లో రాసిన వ్యాసంలో ఆ అనుభవాలు ఉన్నాయి. ఇలాంటి లింకుల్లో పెట్టెల కంటే టవర్లకే ఎక్కువ ఖర్చవుతుందని తేలింది. అడ్డం లేకుండా చేయడమే అసలు పని అన్నమాట. పల్లెకు ఏది సత్యమో మన పడసాలకూ అదే సత్యం.

◆ పెద్దకడుబూరు పేరు పట్టదు

వైఫైకి తెలుగులో పేరు పెట్టుకోవచ్చు. కానీ ఆ పేరుకు ఇచ్చిన చోటు 32 బైట్లే, తెలుగు గుర్తు ఒక్కొక్కటి మూడు బైట్లు తీసుకుంటుంది. పది గుర్తులు దాటితే పట్టదు. ఆదోని ఐదు గుర్తులు, 15 బైట్లు. ఎమ్మిగనూరు పది, 30 బైట్లు, అంచు మీద సరిపోతుంది. పెద్దకడుబూరుకు ప, ఎత్వం, ద, పొల్లు, ద, క, డ, కొమ్ము, బ, కొమ్ముదీర్ఘం, ర, కొమ్ము కలిపి పన్నెండు, అంటే 36 బైట్లు. కడుబూరు అని పెట్టుకుంటే పడుతుంది. కొన్ని పాత ప్రింటర్లు, టీవీలు తెలుగు పేరును చదవలేవు. వాటిలో ఏదైనా కలవకపోతే పేరు ఇంగ్లీషులోకి మార్చి చూడండి. పాస్‌వర్డ్ ఎనిమిది అక్షరాలకు తగ్గకూడదు, 63 దాటకూడదు.

◆ కొత్త ఇల్లు కట్టేవాళ్లకు

ఇప్పుడు మట్టి మిద్దెలు పోయి స్లాబులు వస్తున్నాయి. సిమెంటు, ఇనుప చువ్వలు కూడా సిగ్నల్‌కు అడ్డమే. స్లాబు వేసే ముందు, గోడలు పూయించే ముందు, ఫైబర్ వచ్చే చోటి నుంచి ప్రతి గదికి ఒక ఖాళీ ప్లాస్టిక్ పైపు వేయించండి. మూలల్లో వంపులు సులువుగా తిరిగేలా చూడండి, లోపల ఒక దారం వదిలిపెట్టండి. ఈరోజు అవసరం లేకపోయినా రేపు కేబుల్ లాగడానికి గోడ పగలగొట్టే పని ఉండదు. కరెంటు వైర్లు పోయే పైపులో మాత్రం ల్యాన్ కేబుల్ వేయొద్దు. దానికి వేరే పైపు పెట్టించండి.